కొట్టు లెక్కల డేటాబేస్‌కు ఏ తాళం వేయాలి: యాక్సెస్ పాస్‌వర్డా, బిట్‌లాకరా, వేరాక్రిప్టా?

మా మావయ్యకు ఒడిశాలోని పర్లాకిమిడిలో బంగారం తాకట్టు కొట్టు ఉంది. ఎవరు ఎన్ని గ్రాములు పెట్టారు, ఏ ఊరు, ఫోన్ నంబరు ఏంటి, గడువు ఎప్పుడు, అన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో రాసుకుంటాడు. చాలా ఏళ్ల కిందట ఎవరో చేసిపెట్టిన ఫైలు అది. తెరవగానే పేరు, పాస్‌వర్డ్ అడిగే ఫారం ఒకటి వస్తుంది, అది చూసి లెక్కలు భద్రంగానే ఉన్నాయని అందరం అనుకున్నాం. మొన్న వేసవిలో కంప్యూటర్ ఆగిపోతే ఏరు దాటి పాతపట్నంలో రిపేరుకి ఇచ్చాం. మూడు రోజులకు తిరిగొచ్చింది. చూస్తే ఆ ఫైలు చివరిసారి మారిన తేదీ, కంప్యూటర్ మా దగ్గర లేని రోజుది. ఎవరు తెరిచారో తెలీదు, బాగైందో లేదో చూడ్డానికే తెరిచుండొచ్చు కూడా, కానీ మావయ్యకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "పాస్‌వర్డ్ ఉంది కదరా, ఎలా తెరిచారు?" అన్నాడు. నేను షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేశాను. లాగిన్ ఫారం రానేలేదు. ఊళ్లో సగం మంది పేర్లు, వాళ్ల బంగారం తూకాలు, నేరుగా తెర మీద కనిపించాయి.

అప్పటి నుంచి మా ఊళ్లోనూ కాశీనగర్, గుణుపురంలోనూ తెలిసినవాళ్ల కొట్లలో ఇదే పని చేస్తున్నాను. ప్రతిచోటా అడిగేది ఒకటే, ఏది పెడితే మంచిది అని. దానికి ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: మీరు ఎవరి నుంచి దాచాలనుకుంటున్నారు? కొట్లో పనిచేసే కుర్రాడి నుంచా, కంప్యూటర్ ఎత్తుకుపోయే దొంగ నుంచా, రిపేరు చేసే మనిషి నుంచా? లేక ఒకరికి కొన్ని వివరాలు కనిపించాలి, ఇంకొకరికి కనిపించకూడదు అన్న అవసరమా? ఈ నాలుగింటికీ ఒకే తాళం పనికిరాదు, ఎవరైనా పనికొస్తుందని చెబితే నమ్మొద్దు.

ముందు తాళాల్లా కనిపించి తాళాలు కానివి చెబుతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువగా ఉన్నవి ఇవే. యాక్సెస్‌లో ఫారం తయారుచేసి, ఒక టేబుల్‌లో పేర్లు, పాస్‌వర్డ్‌లు రాసి, ఫైలు తెరవగానే అది వచ్చేలా పెట్టడం మొదటిది. షిఫ్ట్ కీతో దాన్ని దాటొచ్చు. ఆ షిఫ్ట్ పనిచేయకుండా ఆపే సెట్టింగ్ ఉంది, దాని పేరు అలౌ బైపాస్ కీ, కోడ్ రాసి ఆపొచ్చు. ఆపినా లాభం తక్కువ. ఖాళీ యాక్సెస్ ఫైలు ఒకటి తెరిచి, ఎక్స్‌టర్నల్ డేటా అనే చోట నుంచి మీ ఫైల్లోని టేబుల్స్‌ని లాక్కోవచ్చు, ఎక్సెల్ నుంచి కూడా లాక్కోవచ్చు. లోపలి సమాచారం మామూలు అక్షరాల్లోనే ఉంది కాబట్టి ముందు ఎన్ని ఫారాలు పెట్టినా ఒకటే. ఎడమ పక్కనుండే నావిగేషన్ పేన్ దాచేయడం, ఫైలును ఏసీసీడీఈగా మార్చడం కూడా ఇలాంటివే. ఏసీసీడీఈ వల్ల ఫారాల డిజైన్, కోడ్ ఎవరూ మార్చలేరు, అందుకు అది మంచిదే, కానీ టేబుల్స్‌లో ఉన్నది దాచదు. యాక్సెస్ లోపల రాసే వీబీఏ కోడ్‌కు పెట్టే పాస్‌వర్డ్ కూడా కోడ్ వరకే.

రెండోది పాత ఎండీబీ ఫైలు. యాక్సెస్ 2003, అంతకు ముందు వాటిలో చేసిన ఫైళ్లు ఇప్పటికీ మన కొట్లలో చాలా ఉన్నాయి. వాటికి పెట్టే డేటాబేస్ పాస్‌వర్డ్ ఫైలు మొదట్లోనే తేలికగా విప్పగలిగేలా దాగి ఉంటుంది, అది చదివి చెప్పే ఉచిత ప్రోగ్రాంలు ఎప్పటి నుంచో దొరుకుతున్నాయి, సెకన్ల పని. పైగా ఆ పాస్‌వర్డ్ ఒక్కటే పెడితే లోపలి సమాచారం ఎన్‌క్రిప్ట్ కాదు, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మారదు. వర్క్‌గ్రూప్ ఫైలు పెట్టి ఒక్కొక్కరికి ఒక్కో హక్కు ఇచ్చే పద్ధతి కూడా అప్పట్లో ఉండేది, యాక్సెస్ 2007లో వచ్చిన ఏసీసీడీబీ ఫైళ్లకు దాన్ని తీసేశారు. ఎండీబీని ఏసీసీడీబీగా మార్చితే ఆ హక్కులు మాయమవుతాయి, మార్చాక ఎవరికి ఏది కనిపిస్తోందో తప్పకుండా చూసుకోండి.

ఇక అసలు తాళాలు. మావయ్యకు నేను పెట్టింది ఏసీసీడీబీ ఫైలుకు యాక్సెస్ ఇచ్చే ఎన్‌క్రిప్షన్. ఒకటే కంప్యూటర్ ఉన్న చిన్న కొట్టుకు నా మొదటి ఓటు దీనికే. ఖర్చు లేదు, కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు, ఫైలు తెరిచేటప్పుడు ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాలి, అంతే. పాస్‌వర్డ్ లేకుండా షిఫ్ట్ నొక్కినా, ఎక్సెల్ నుంచి లాగినా, ఫైలును పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లినా లోపల ఉన్నది చదవలేరు. ఇది 2010 వెర్షన్‌లో గట్టిపడింది, అంతకుముందు 2007లో ఉన్నది బలహీనం, కాబట్టి 2007 ఇంకా వాడుతుంటే ముందు అది మార్చండి.

పెట్టే విధానంలో అందరూ ఇరుక్కునే చోటు ఒకటుంది. ఫైలును మామూలుగా రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే పాస్‌వర్డ్ పెట్టనివ్వదు. యాక్సెస్‌ను ఖాళీగా తెరిచి, ఫైల్, ఓపెన్, బ్రౌజ్ నొక్కి, మీ ఫైలును ఎంచుకుని, ఓపెన్ బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కి, ఓపెన్ ఎక్స్‌క్లూజివ్ అనాలి. అంటే ఆ సమయంలో ఇంకెవరూ ఆ ఫైలు వాడుతుండకూడదు. తర్వాత ఫైల్, ఇన్ఫో, ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్. దీనికి ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి, అంతా సరిగ్గా పనిచేస్తోందని నాలుగు రోజులు చూశాక ఆ కాపీని తీసేయండి. తీసేయడం మరిచిపోతే పెట్టిన పాస్‌వర్డ్‌కు అర్థం లేదు, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

పాస్‌వర్డ్ పెట్టాక ఒక హెచ్చరిక వస్తుంది, రో లెవెల్ లాకింగ్ ఇక పట్టించుకోబడదు అని ఇంగ్లీషులో. ఒక్కరే వాడితే ఓకే నొక్కేయండి, ఏమీ కాదు. ఇద్దరు ముగ్గురు నెట్‌వర్క్‌లో ఒకే ఫైలు వాడుతుంటే మాత్రం అర్థం చేసుకోవాలి: ఒకరు ఒక ఖాతా దిద్దుతుంటే ఆ ఒక్క వరస కాకుండా దాని చుట్టుపక్కల వరసలు కూడా కాసేపు తాళం పడతాయి, రెండో వాళ్లకు ఇంకొకరు వాడుతున్నారని మెసేజ్ రావచ్చు. ఆప్షన్స్‌లో క్లయింట్ సెట్టింగ్స్ కింద లెగసీ ఎన్‌క్రిప్షన్ అని ఒకటి కనిపిస్తుంది, ఎక్కువమంది వాడే ఫైళ్లకు మంచిదని దాని పక్కనే రాసి ఉంటుంది. అది పాత, బలహీనమైన పద్ధతి. దాని జోలికి పోవద్దని నా సలహా, కాసేపు ఆగాల్సి రావడం పరవాలేదు.

ఫైలును రెండుగా చీల్చి, టేబుల్స్ ఒకదాంట్లో, ఫారాలు ఇంకోదాంట్లో పెట్టుకున్నవాళ్లు రెండింటికీ పాస్‌వర్డ్ పెట్టాలి. టేబుల్స్ ఫైలుకు పెట్టాక ఫారాల ఫైల్లోని పాత లింకులు పనిచేయవు, తీసేసి మళ్లీ లింక్ చేయాలి. అలా చేసినప్పుడు టేబుల్స్ ఫైలు పాస్‌వర్డ్ ఫారాల ఫైల్లోపల మామూలు అక్షరాల్లో చేరి కూర్చుంటుంది. ఫారాల ఫైలుకు తాళం లేకపోతే, బీరువా తాళంచెవి బీరువా మీదే వదిలేసినట్టు. గుణుపురంలో ఒక ధాన్యం మిల్లులో నేను చూసింది సరిగ్గా ఇదే, టేబుల్స్‌కు ఎంతో గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నారు పాపం. ఇంకో చిన్న మాట, ఈ పాస్‌వర్డ్‌లో సెమికోలన్, కోట్ గుర్తులు పెట్టకండి, లింకులు తెగే ప్రమాదం ఉంది.

మన దగ్గర మాత్రమే ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటి చెబుతాను. మన కంప్యూటర్లలో ఇంగ్లీషు, ఒడియా, తెలుగు కీబోర్డులు మూడూ ఉంటాయి, ఖాతాదారుడి పేరు ఒడియాలో కొట్టి కీబోర్డు మార్చడం మరిచిపోతాం, పాస్‌వర్డ్ కొట్టే చోట చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఏ లిపిలో పడుతోందో తెలీదు. ఇంగ్లీషు అనుకుని ఒడియాలో పెట్టేసిన పాస్‌వర్డ్ మర్నాడు తెరుచుకోదు. పెట్టే ముందు నోట్‌ప్యాడ్‌లో ఒకసారి కొట్టి, కళ్లతో చూసి, అప్పుడు పెట్టండి. కీబోర్డు మారడానికి విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కాలి.

బిట్‌లాకర్ దగ్గరికి వద్దాం. ఇది ఫైలుకు కాదు, డిస్క్ మొత్తానికి తాళం. కంప్యూటర్ ఎత్తుకుపోయి డిస్క్ ఊడదీసి ఇంకోదానికి తగిలించినా ఏమీ చదవలేరు. విండోస్ లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే అలా తగిలిస్తే అన్నీ చదవొచ్చు, చాలామందికి ఇది తెలీదు. బిట్‌లాకర్ విండోస్ ప్రో వెర్షన్‌లో వస్తుంది, హోమ్‌లో పూర్తిగా రాదు, కొన్ని కంప్యూటర్లలో హోమ్‌కు కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో దాని చిన్న రూపం ఉంటుంది. కానీ కంప్యూటర్ ఆన్ చేసి లాగిన్ అయ్యాక బిట్‌లాకర్ అడ్డు ఉండదు, అప్పుడు కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లదే. ఫైలును మామూలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఆ కాపీకి తాళం ఉండదు. రిపేరుకి ఇచ్చేటప్పుడు మనమే విండోస్ పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇస్తాం కదా, మావయ్య కూడా ఇచ్చాడు, కాబట్టి రిపేరు మనిషి విషయంలో బిట్‌లాకర్ ఆయనకు ఏ సాయమూ చేసుండేది కాదు. దొంగ భయానికి బిట్‌లాకర్, రిపేరు భయానికి, పక్కవాళ్ల చూపుకు యాక్సెస్ పాస్‌వర్డ్, ఇలా గుర్తుపెట్టుకోండి. రెండూ కలిపి పెట్టుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డురావు.

బిట్‌లాకర్‌కు 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. మదర్‌బోర్డు మారితే, ఒక్కోసారి బయాస్ (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రాం) అప్‌డేట్ తర్వాత, అది అడుగుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఎలా కుదిపేసిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలా వాన నీళ్లు చేరి బోర్డు పోయి, డిస్క్ మాత్రం బతికితే, ఆ 48 అంకెలే దిక్కు. ప్రింట్ తీసి కొట్లో కాకుండా వేరే ఇంట్లో పెట్టండి. డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉన్నవాళ్లకు ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆ అకౌంట్ ఎవరి ఈమెయిల్‌తో తెరిచారో చూసుకోండి, కంప్యూటర్ అమ్మిన కుర్రాడు తన ఈమెయిల్ పెట్టేసి ఉంటే ఈరోజే మార్చండి.

వేరాక్రిప్ట్ ఉచితం, ట్రూక్రిప్ట్ అనే పాత ప్రోగ్రాం నుంచి పుట్టింది. ఒక పెద్ద ఫైలు తయారుచేసి దాన్ని పాస్‌వర్డ్‌తో తెరిస్తే కొత్త డ్రైవ్‌లా కనిపిస్తుంది, డేటాబేస్ దాంట్లో పెట్టుకుంటాం. విండోస్ హోమ్ ఉన్నవాళ్లకు, యాక్సెస్‌లాంటి ఉచిత ప్రోగ్రాం లిబ్రాఫీస్ బేస్ వాడేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. బేస్‌లో, రైటర్‌లోనూ కాల్క్‌లోనూ ఉన్నట్టు పాస్‌వర్డ్‌తో సేవ్ చేసే వీలు లేదు, బేస్ తయారుచేసే ఓడీబీ ఫైలు అంటే లోపల ఒక జిప్ ఫైలే, ఎవరైనా విప్పి చూడొచ్చు. కాబట్టి బేస్ వాడుతుంటే తాళం బయట నుంచే వేయాలి. అయితే వేరాక్రిప్ట్ రోజువారీ కొట్టు పనికి కాస్త తలనొప్పి. పొద్దున తెరవాలి, రాత్రి మూయాలి, మూయడం మరిచిపోతే తాళం వేయనట్టే. దిద్దుతుండగా కరెంటు పోతే లోపలి ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది, మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే, యూపీఎస్ లేకుండా దీని జోలికి పోవద్దు. ఇంకోటి, గూగుల్ డ్రైవ్‌లాంటి దాంట్లో ఆ పెద్ద ఫైలు దానంతటదే బ్యాకప్ అవుతుందని నమ్ముకుంటే మోసపోతారు. లోపల ఎంత మార్చినా ఫైలు తేదీ మారకుండా ఉంచే సెట్టింగ్ మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది, మారలేదనుకుని సింక్ ప్రోగ్రాం దాన్ని వదిలేస్తుంది. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి అది తీసేయాలి.

ఎక్సెల్‌లోనే ఖాతాలు రాసుకునేవాళ్లకు రెండు మాటలు. ప్రొటెక్ట్ షీట్ అనేది చెయ్యి తగిలి ఫార్ములాలు చెడిపోకుండా కాపాడేది, రహస్యానికి పనికిరాదు. ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ వర్క్‌బుక్, ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్, ఇదే అసలుది. టాలీ వాడేవాళ్లకు టాలీవాల్ట్ ఉంది, కంపెనీ పేరు కూడా చుక్కల్లా మారిపోతుంది, డేటా నిజంగా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం తిరిగి రాదు. ఎస్‌క్యూలైట్ అనే ఉచిత డేటాబేస్‌కు మామూలుగా సొంత తాళం లేదు, ఎస్‌క్యూఎల్‌సైఫర్ కలిపి వాడితే 256 బిట్ల ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ వస్తుంది, డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్ అనే ఉచిత ప్రోగ్రాంతో తెరవొచ్చు. కానీ ఫారాలు, రసీదులు ఎవరో ఒకరు ప్రోగ్రాం రాసి పెట్టాలి, రాసేవాళ్లు ఇంట్లో ఉంటేనే అటు వెళ్లండి.

ఒక పనివాడికి ఫోన్ నంబర్లు కనిపించాలి, వడ్డీ లెక్కలు కనిపించకూడదు అంటే పైన చెప్పినవేవీ సరిపోవు. యాక్సెస్ పాస్‌వర్డ్ అందరికీ ఒకటే, తెలిసినవాళ్లకు అన్నీ తెలుస్తాయి. దానికి టేబుల్స్‌ను, ఒక్కొక్కరికి వేరే హక్కులు ఇవ్వగల ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లాంటి డేటాబేస్‌లోకి మార్చి, యాక్సెస్‌ను ముందు ఫారాలకే వాడుకోవాలి. అది ఉచితమే, 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ దాకా పడుతుంది, చిన్న కొట్టుకు ఎక్కువే. పెట్టడానికి తెలిసిన మనిషి కావాలి, రెండు మూడు రోజుల పని. ముగ్గురు నలుగురు పనిచేసే ల్యాబ్‌లు, క్లినిక్‌లు, కొంచెం పెద్ద మిల్లులు ఈ ఖర్చు పెట్టుకోవడమే మంచిది, రోగుల వివరాలున్న చోట అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు.

ఇప్పుడు రెండో భయం, పాస్‌వర్డ్ పోయి మన ఫైలు మనకే తెరుచుకోకపోవడం. కాశీనగర్‌లో మాకు దూరపు బంధువు ఎరువుల కొట్టు ఫైలుకు, ప్రోగ్రాం చేసిన అబ్బాయే పాస్‌వర్డ్ పెట్టి, అది తన దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత పని కోసం సూరత్ వెళ్లిపోయాడు, నంబరు మారింది. కొట్లో కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లోనే, ఫైలు ఎప్పుడూ తెరిచే ఉండేది కాబట్టి ఎవరికీ ఆ ధ్యాసే లేదు, ఒకరోజు అది ఆగి మళ్లీ మొదలైంది, అంతే. ఆరేళ్ల బాకీల పద్దులు పోయాయి. "తమ్ముడూ, కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే చెప్పరేటి?" అని ఆయన అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు. ఎన్‌క్రిప్ట్ అయిన యాక్సెస్ ఫైలు పాస్‌వర్డ్ పోతే మైక్రోసాఫ్ట్ కూడా తీయలేదు. ఎంతో కాలం తర్వాత ఆ అబ్బాయి పండక్కి ఇంటికి వచ్చినప్పుడు అడిగితే, అతనికీ గుర్తులేదు.

అందుకే నేను ఏ కొట్లో పాస్‌వర్డ్ పెట్టినా యజమాని చేతే కొట్టిస్తాను, రెండు కాగితాల మీద ఆయన చేతే రాయిస్తాను, కవర్లో అంటించి ఒకటి ఇంటి బీరువాలో, ఇంకోటి అక్కో తమ్ముడో ఉండే వేరే ఊళ్లో. పాస్‌వర్డ్‌గా కొట్టు ఫోన్ నంబరు, బండి నంబరు, అమ్మాయి పుట్టినరోజు వద్దు, తెలిసినవాళ్లు మొదట ప్రయత్నించేవి అవే. సంబంధం లేని మూడు మాటలు, కొన్ని తెలుగు మాటలు, కొన్ని ఒడియా మాటలు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టి, మధ్యలో ఒక అంకె. మనకు రెండు భాషలు వచ్చు కాబట్టి ఈ పని మనకు తేలిక, బయటివాడికి ఊహించడం కష్టం.

పాత కాపీల సంగతి అన్నాను కదా. తాళం వేసిన రోజు కంప్యూటర్ మొత్తం వెతకండి, ఎండీబీ, ఏసీసీడీబీ అని కొట్టి. డెస్క్‌టాప్ మీద "కాపీ" పేరుతో ఉన్నవి, డీ డ్రైవ్‌లో ఎప్పటివో, మీరు మీకే పంపుకున్న ఈమెయిల్‌లో, వాట్సాప్‌లో ఆడిటర్‌కు పంపినది, డ్రాయర్లోని పెన్‌డ్రైవ్‌లు. మావయ్య కంప్యూటర్‌లో తాళం లేనివి పదకొండు దొరికాయి. ఆ పదకొండూ తీసేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, ఇక నుంచి బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలే వెళ్లేలా పెట్టాం. బేస్ ఫైళ్లు, స్కాన్ చేసిన ఆధార్ కాగితాలు కూడా బ్యాకప్ తీసేవాళ్లు 7-జిప్‌తో 7జెడ్ ఫైలుగా చేసి పాస్‌వర్డ్ పెట్టండి, ఫైళ్ల పేర్లు కూడా దాచే టిక్కు ఒకటి ఉంటుంది, అది మరిచిపోకండి.

అన్నీ అయ్యాక పరీక్ష. ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో కంప్యూటర్‌కు తీసుకెళ్లండి. షిఫ్ట్ నొక్కి తెరవండి. ఎక్సెల్‌లో డేటా, గెట్ డేటా నుంచి ఆ యాక్సెస్ ఫైలును లాగి చూడండి. రెండు చోట్లా పాస్‌వర్డ్ లేకుండా ముందుకు పోనివ్వకూడదు. తర్వాత బీరువాలోని కవరు విప్పి, ఆ కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చూసి కొట్టి తెరవండి, మీరు కాదు, మీ ఇంట్లో ఇంకొకరి చేత కొట్టించండి. మా ఇంట్లో అత్తయ్య కొట్టింది, రెండోసారికి తెరుచుకుంది, మొదటిసారి కీబోర్డు ఒడియాలో ఉండిపోయింది.